బొమ్మ పక్కకి జరిగితే

ఉస్మాన్‌గంజ్ కిరాణా బస్తాల మధ్య నుంచి తప్పుకుంటూ నడిచి, నాంపల్లి స్టేషన్ దాటితే పబ్లిక్ గార్డెన్స్. అక్కడి లలిత కళాతోరణంలో సురభి నాటకాలవాళ్ల ‘మాయాబజార్’ చూసినవాళ్లకి ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరెళ్లడం గుర్తుండిపోతుంది. నాకు గుర్తున్నది పక్క తెర సందులోంచి కనబడిన ఒకావిడ. ముఖాన రంగు, తలమీద కిరీటం, చంకలో పిల్ల. ఖాళీగా ఉన్న చేత్తో దారం లాగింది. అక్కడ లడ్డూ లేచింది.

కుటుంబ స్త్రీ నాటకంలో వేషం కడితే పరువు పోయిందనుకునే కాలం ఒకటుండేది. ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. స్థానం నరసింహారావు అంతటి నటుడు ఆ పద్ధతిలో వచ్చినవాడే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెళ్లివేడుకలో, వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ ఆడింది. సురభివాళ్ల నాటకం అక్కడే మొదలైంది. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలాటవాళ్లు. సురభి ఆడవాళ్లు వేషం కట్టగలగడానికి అసలు కిటుకు ఇక్కడే ఉందని నా అనుమానం. బొమ్మలాటలో సీతకీ మండోదరికీ గొంతిచ్చేది ఆ ఇంటి ఆడవాళ్లే. ఆ గొంతు ఊరందరికీ తెలుసు, మనిషే కనబడదు. బొమ్మని పక్కన పెట్టి ఆవిడే ముందుకొస్తే ఆక్షేపించేదెవరు? ఎదురుగా రాజు వేషంలో మొగుడు, హార్మోనియం దగ్గర మామ, తెర లాగేది మరిది.

ఆ ఇంటి పిల్లే సురభి కమలాబాయి. 1907లో పుట్టింది. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొస్తే జనం అదీ నటనే అనుకున్నారని సురభివాళ్లు చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గాని, చిన్నతనంలో ఆమె ప్రహ్లాదుడి వేషం, కృష్ణుడి వేషం కట్టిన మాట వాస్తవం. మగవాళ్లు చీరలు కడుతుంటే ఈమె అటునుంచి నరుక్కొచ్చిందన్నమాట.

1932 ఫిబ్రవరి 6న హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో విడుదలైంది. తెలుగులో తొలి పూర్తి టాకీ. నేపథ్యగానం ఇంకా రాలేదు, ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. మైకు లేకుండా వెనక బెంచీదాకా వినిపించడం నేర్చిన గొంతుకి అదేం లెక్క! అందరూ తొలి తెలుగు కథానాయిక అంటారు గాని, ఆమె వేసింది తల్లి వేషం, లీలావతి. ఒకప్పుడు తాను కట్టిన ప్రహ్లాదుడికే పాతికేళ్లయినా నిండకుండా తల్లయింది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లీ ఆమే. ఆ సినిమా చూసి తోటరాముడైన రామారావుని తలుచుకున్నవాళ్లే అందరూ.

సురభి నాటకం మాత్రం ఆగలేదు. 2013లో రేకందార్ నాగేశ్వరరావుకి, అంటే సురభి బాబ్జీకి, పద్మశ్రీ వచ్చింది.

ఆ రాత్రి నాటకమయ్యాక నేను పక్కకెళ్లి తొంగిచూశాను. కిరీటం తీసేసిన ఆవిడ దారాలు చిక్కుపడకుండా చుట్టి లడ్లు పెట్టెలో సర్దుతోంది. పిల్ల ఒక లడ్డూ గుప్పిట్లో పట్టుకుని ఇవ్వనంటే ఇవ్వనని ఏడుస్తోంది.