లెక్కల్లో, సైన్స్‌లో పిల్లలు ముందుండటానికి అసలు కారణాలేమిటి?

"ఇండియన్ పిల్లలకు లెక్కలు పుట్టుకతోనే వస్తాయి" అనే మాట అమెరికాలో మనవాళ్లు నలుగురు చేరిన చోటల్లా వినిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ లెక్కల్లో 'బి' తెచ్చుకున్న పిల్లకు అదే మాట గుదిబండ అవుతుంది. నిజంగా ఇది పుట్టుకతో వచ్చేదేనా? పరిశోధనలు చెబుతున్నది వేరు.

కొలిచేది ఎవరు?

దేశాల మధ్య పోలికకు రెండు పరీక్షలు పేరున్నవి. టిమ్స్ 1995లో మొదలైంది. నాలుగేళ్లకోసారి నాలుగు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్స్‌లో జరుగుతుంది. పీసా 2000లో మొదలైంది. ఇది 15 ఏళ్ల పిల్లలకు. 2022 పీసా లెక్కల్లో సింగపూర్ 575 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాకు వచ్చినవి 465. ఈ పరీక్షలు మార్కులతో ఆగవు. ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయి, అమ్మానాన్నలు ఎంతవరకు చదివారు లాంటి వివరాలు కూడా అడుగుతాయి.

ఇంటి ప్రభావం

అమెరికాలో ఆరు లక్షల మంది దాకా విద్యార్థుల వివరాలు సేకరించి, సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 1966లో నివేదిక ఇచ్చింది. బడుల వసతుల్లో తేడాల కంటే కుటుంబ నేపథ్యమే చదువు మీద ఎక్కువ ప్రభావం చూపుతోందని తేల్చింది. 2022 పీసా లెక్కల ప్రకారం ఓఈసీడీ దేశాల్లో విద్యార్థుల మార్కుల తేడాలో సగటున 15 శాతం కుటుంబ ఆర్థిక, సామాజిక స్థితితో ముడిపడి ఉంది. అంటే అది పెద్ద కారణమే, కానీ అదే తలరాత కాదు.

మనవాళ్ల సంగతి

ఎంట్రన్స్‌లు, ఇంజనీరింగ్, జీఆర్ఈ, ఎంఎస్, హెచ్1బీ... మనలో చాలామంది ఇక్కడికి ఇన్ని జల్లెడలు దాటి వచ్చినవాళ్లే. అమెరికాలోని భారతీయ పెద్దల్లో నాలుగింట మూడు వంతుల మందికి డిగ్రీ ఉంది. స్వదేశంలో ఆ నిష్పత్తి దీనికి దరిదాపుల్లో కూడా లేదు. జెన్నిఫర్ లీ, మిన్ జౌ 2015లో వచ్చిన తమ పుస్తకంలో చైనా, వియత్నాం కుటుంబాల గురించి ఈ విషయమే వివరించారు. చదువుకున్నవాళ్లే ఎక్కువగా వలస వస్తే, ట్యూషన్లు, సలహాలు, పెద్ద ఆశలు ఆ సమాజం మొత్తానికి అందుతాయి. ఏ జాతికో ప్రత్యేకంగా ఉన్న తెలివి కాదది.

ఏమీ సిన్, యూ షీ 2014లో చేసిన అధ్యయనం మరో ముడి విప్పింది. ఆసియా అమెరికన్ పిల్లలు తెల్లజాతి పిల్లల కంటే చదువులో ముందుండటానికి ముఖ్య కారణం తెలివితేటలు కాదు, కష్టపడటం. లెక్కలు సాధనతో వస్తాయన్న నమ్మకం, తల్లిదండ్రుల ఆశలు ఆ కష్టానికి ఊతమిస్తున్నాయి. అదే అధ్యయనం చెప్పిన చేదు నిజం కూడా ఉంది. ఈ పిల్లలకు తమ మీద తమకు సదభిప్రాయం తక్కువ, అమ్మానాన్నలతో గొడవలు ఎక్కువ.

ఆశ వేరు, కాపలా వేరు

తల్లిదండ్రుల పాత్ర మీద వచ్చిన పరిశోధనలను ఫ్యాన్, చెన్ 2001లో ఒకచోట చేర్చి చూశారు. పిల్లల మీద పెట్టుకున్న ఆశకూ చదువుకూ గట్టి సంబంధం కనిపించింది. పక్కన కూర్చుని హోంవర్క్ మీద నిఘా పెట్టడానికి ఉన్న సంబంధం చాలా తక్కువ. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయిస్తే ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారని, వాళ్లకూ ఆ భయం అంటుకుందని 2015 నాటి మరో అధ్యయనం చెప్పింది.

చిన్ననాటి పునాది

గ్రెగ్ డంకన్ బృందం 2007లో అమెరికా, కెనడా, బ్రిటన్‌లకు చెందిన ఆరు సర్వేలను పరిశీలించింది. తర్వాతి చదువును ముందే సూచించేవాటిలో బడిలో చేరేనాటికి ఉన్న సంఖ్యా పరిజ్ఞానమే మొదటిదని తేలింది. దీనికి వర్క్‌బుక్కులే అక్కర్లేదు. మెట్లెక్కుతూ ఒకటి, రెండు లెక్కపెట్టించడం, ఇడ్లీలు నలుగురికీ సమానంగా పంచమనడం, వైకుంఠపాళి ఆడించడం కూడా లెక్కలే. ఇవన్నీ హాయిగా తెలుగులోనే చెప్పొచ్చు.

ఒక జాగ్రత్త

ఇవి చాలావరకు సంబంధాలే తప్ప నేరుగా కారణాలని చెప్పలేం. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తాయంటే, రేపు వంద పుస్తకాలు కొని అలమరలో పెడితే మార్కులు పెరుగుతాయని కాదు. ఆ పుస్తకాల వెనుక చదివే పెద్దలు, వాటి గురించి మాట్లాడుకునే ఇల్లు ఉంటాయి.

కాబట్టి తల్లిదండ్రులు చేయదగ్గవి కొన్నే. "నీకు తెలివి ఉంది" అనడం కంటే "బాగా ప్రయత్నించావు, ఈ లెక్క ఎలా చేశావో చెప్పు" అనండి. మీకు లెక్కలంటే బెరుకుంటే ఆ పని టీచర్‌కో లైబ్రరీలోని హోంవర్క్ సాయానికో వదిలేయండి. పక్కింటి పిల్లతో పోలిక మానండి. మార్కులు తగ్గిన రోజున "ఎన్ని వచ్చాయి?" అనే ముందు "ఎక్కడ అర్థం కాలేదమ్మా?" అని అడగండి.