షాప్‌కామ్ దగ్గర వెలివాడ

ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. 2016 జనవరి తొలివారం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ గదులు ఖాళీ చేసి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు పరుపులతో, సంచులతో బయటికొస్తున్నారు. రోహిత్ వేముల చేతుల్లో పెద్ద అంబేద్కర్ పటం.

అంతకుముందు ఏడాది, ముంబై పేలుళ్ల కేసులో యాకూబ్ మెమన్ ఉరిని వాళ్లు బహిరంగంగా నిరసించారు. ఢిల్లీలో 'ముజఫర్‌నగర్ బాకీ హై' డాక్యుమెంటరీని అడ్డుకున్నందుకు ఆందోళన చేశారు. 2015 ఆగస్టులో ఏబీవీపీ నాయకుడొకరు వీళ్లు తనను కొట్టారని ఫిర్యాదిచ్చారు. గట్టి ఆధారం దొరకలేదని మొదట రాసిన ప్రొక్టోరియల్ బోర్డే నెలాఖరుకల్లా సస్పెన్షన్ సిఫారసు చేసింది. ఈ మధ్యలోనే క్యాంపస్ జాతి వ్యతిరేకుల అడ్డా అయిందంటూ కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ ఢిల్లీకి లేఖ రాశారు.

డిసెంబరులో తుది ఉత్తర్వు వచ్చింది. డిపార్ట్‌మెంటుకు, లైబ్రరీకి వెళ్లొచ్చు. హాస్టల్లో, పరిపాలనా భవనంలో అడుగుపెట్టకూడదు. విద్యార్థి ఎన్నికల్లో పాల్గొనకూడదు. ఉమ్మడి స్థలాల్లో గుంపుగా కనిపించకూడదు. 'గుంపుగా' అన్న ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ తొలిచేస్తుంది. కొట్టడమే నేరమైతే, నలుగురూ కలిసి నిలబడితే శిక్షేమిటి? ఊరిబావి దగ్గరికి రావద్దు, రచ్చబండ ఎక్కొద్దు అన్న ఊళ్లు మనకు తెలియనివా? ఆ పిల్లలకూ తెలుసు. అందుకే క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ అయిన షాప్‌కామ్ దగ్గర గుడారం వేసి, ఫూలే, అంబేద్కర్‌ల బొమ్మల ఫ్లెక్సీలు కట్టి, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. జనవరి చలిలో అక్కడే పడుకున్నారు.

గుంటూరులో కుట్టుమిషన్ తొక్కి పిల్లల్ని చదివించిన రాధిక కొడుకు రోహిత్. కార్ల్ సేగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. నెలకు 25,000 రూపాయల ఫెలోషిప్ ఏడు నెలలుగా చేతికి రాలేదు. జనవరి 17న, స్నేహితుడి హాస్టల్ గదిలో, ఒంటరిగా ప్రాణాలు విడిచాడు. ఇంకో 13 రోజులాగితే 27 నిండేవి.

21న మిగిలిన నలుగురి మీదా సస్పెన్షన్ ఎత్తేశారు.

చివరి ఉత్తరంలో అతను ఎవరినీ నిందించలేదు. తనకు రావాల్సిన 1,75,000 ఇంట్లోవాళ్లకు అందేలా చూడమన్నాడు. అందులోంచి ఒక స్నేహితుడికి నలభై వేల దాకా బాకీ తీర్చమన్నాడు. ఆ స్నేహితుడు ఏనాడూ అడగలేదని, అయినా ఇవ్వమని రాశాడు.