వరద తర్వాత పొయ్యి

ఖమ్మం వైపు గ్యాసు కంటే ముందు గ్యాసు అనే మాట వచ్చింది. పాతతరం వాళ్ళకి కిరోసిన్ అంటే గ్యాసునూనె. తూర్పుగోదావరి మాటలో అదే కిరసనాయిలు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండి ఆ తర్వాత ఖమ్మంలో కలిశాయి కాబట్టి, అక్కడ రెండు మాటలూ వినబడటంలో వింత లేదు. ఆ నూనె మొదట దీపంలోకి, తర్వాత పంపు స్టవ్వులోకి వచ్చింది. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ 1892లో చేసిన ప్రైమస్ స్టవ్వు సంతానమే మన పంపు స్టవ్వు. దానితోపాటు ఒక చిన్న పనిముట్టు కూడా ఇళ్ళలోకి వచ్చింది: రేకు ముక్క చివర సన్నటి తీగ ఉన్న పిన్ను. మూసుకుపోయిన నాజిల్‌లో అలా గుచ్చి తీస్తే మంట మళ్ళీ లేచేది.

అడవి అంచు ఊళ్ళలో మాత్రం కట్టెల పొయ్యిదే రాజ్యం. ఇల్లెందు దగ్గర విలియం కింగ్ 1870లలో బొగ్గు కనిపెట్టాక ఆ బొగ్గుతో రైళ్ళు నడిచాయి, కరెంటు వచ్చింది. ఆ నేల మీది ఆడవాళ్ళు మాత్రం కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని నడుస్తూనే ఉన్నారు. రిజర్వు ఫారెస్టులో చెట్టు కొడితే కేసు. ఎండుపుల్లలు ఏరుకోనిస్తారా లేదా అన్నది ఆ పూట ఎదురైన గార్డు దయ.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారని గుర్తుచేసుకుంటే అదెంత నీరో తెలుస్తుంది. అలాంటి వరదలో మట్టి పొయ్యి కరిగిపోతుంది. కానీ నీళ్ళు తీశాక ఇంటి ముందు మిగిలేది కూడా మెత్తటి ఒండ్రుమట్టే. అందులో కాస్త పొట్టు, కాస్త పేడ కలిపి తొక్కి, చేత్తో మెత్తి, రెండు రోజులు ఆరనిస్తే పొయ్యి తయారు. పొయ్యిని తీసుకుపోయిన ఏరే దాని సరంజామా కూడా గుమ్మంలో పెట్టి పోయేది. ఎండుకట్టె దొరకడమే అప్పటి అసలు కష్టం.

1999 జులైలో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల్లోని పేద మహిళల పేరున గ్యాసు బండకీ రెగ్యులేటర్‌కీ డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. పొగ తగ్గాలి, అడవి మీద భారం తగ్గాలి అన్నవి దాని ఉద్దేశాల్లో ఉన్నాయి. అయితే స్టవ్వు ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, నింపిన బండకి ధర వాళ్ళే కట్టుకోవాలి. 2002లో ప్రపంచ బ్యాంకు చేయించిన పరిశీలనలో తేలింది ఏమిటంటే, కనెక్షన్లు చాలా ఇచ్చారు గానీ బండ మళ్ళీ నింపించుకునేవాళ్ళు తక్కువ, కట్టెల పొయ్యి ఆరలేదు. ఇందులో జనం తెలియనితనమేమీ లేదని నా అభిప్రాయం. అడవి పక్కన ఉన్నవాళ్ళకి కట్టెకి ఖర్చు ఒంటి కష్టం, గ్యాసుకి ఖర్చు రొక్కం. కూలి రోజుకింత వచ్చేచోట ఒక్కసారే వందల రూపాయలు తీయడం అంత తేలిక కాదు. దాంతో పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ, వానకి కట్టె తడిసినప్పుడూ గ్యాసు. తక్కిన రోజులు పుల్లలు. కొన్ని స్టవ్వులు సంచిలో చుట్టి అటకెక్కాయి. 2016లో ఉజ్వల పథకంతో ఇంకో విడత స్టవ్వులు వచ్చాయి.

మూలపడ్డ గ్యాసు స్టవ్వు ఊరికే ఉండదు. గాలి లాక్కునే గొట్టంలో సాలీడు గూడు పెడుతుంది, కందిరీగ మట్టి మెత్తుతుంది. అమెరికాలో పెరటి గ్యాసు గ్రిల్లులకీ ఇదే జబ్బు. చలికాలం మూలన పెట్టినదాన్ని వెలిగించేముందు గొట్టంలో సాలీడు గూళ్ళు చూసుకోమని గ్రిల్లుతో వచ్చే పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది. సూత్రం ఒకటే. జెట్టులోంచి వేగంగా వచ్చే గ్యాసు తనతో గాలిని లాక్కుపోయి బర్నర్‌లో కలవాలి. దారి మూసుకుపోతే గ్యాసు వెనక్కి తన్ని నాబ్ దగ్గర అంటుకుంటుంది.

2022 జులై 16న గోదావరి మళ్ళీ 71.3 అడుగులకి వచ్చింది. ఈసారి మునిగిన వంటిళ్ళలో గ్యాసు స్టవ్వులున్నాయి. (నిండు బండ కూడా నీళ్ళలో తేలుతుందని చాలామందికి తెలియదు. ముప్ఫై కిలోలున్నా అది తోసే నీళ్ళ బరువు అంతకంటే ఎక్కువ.) ఒండ్రుమట్టి మట్టి పొయ్యికి ముడిసరుకు, ఇనప పొయ్యికి జబ్బు.

అలాంటి స్టవ్వుని బాగుచేయడం ఇంట్లో అయ్యే పనే, ఓపిక కావాలి. ముందు బండ వేరుచేసి బయట పెట్టాలి. ఇత్తడి బర్నర్ మూతల్ని వేణ్ణీళ్ళలో చింతపండు వేసి రాత్రంతా నానబెట్టి, పాత పళ్ళకుంచెతో ఒక్కో చిల్లూ తోమాలి. గొట్టంలోకి బట్ట చుట్టిన పుల్ల దూర్చి బురద లాగాలి. జెట్టుకి పనికొచ్చేది మళ్ళీ పంపు స్టవ్వు పిన్నే. అయితే గట్టిగా పొడిచి చిల్లు పెద్దది చేస్తే గ్యాసు ఎక్కువై మంట పచ్చబడుతుంది, గిన్నెల అడుగులు మసిబారతాయి. నాబ్ బిగుసుకుపోతే లోపలి ఇత్తడి కాక్‌కి గ్రీజు కావాలి, అది తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని. నీళ్ళలో నానిన రెగ్యులేటర్ బాగుచేసేది కాదు, ఏజెన్సీలో మార్పించుకునేదే. రబ్బరు గొట్టానికి ఆయుష్షు అయిదేళ్ళే, దాని మీదే అచ్చేసి ఉంటుంది. చివర్న అతుకుల మీద సబ్బు నురగ రాయాలి. బుడగ లేస్తే అక్కడ లీకు. అగ్గిపుల్లతో చూసే అలవాటు మాత్రం వద్దు. గ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుని ఎక్కడో అంటుకుంటుంది. అన్నీ కుదిరితే నీలం మంట వస్తుంది.

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి పోయింది. 2024లో ఇటు తెలంగాణ అర్హులకి అయిదు వందలకే బండ అంది, అటు ఆంధ్ర దీపం-2 పేరుతో ఏడాదికి మూడు ఉచితమంది. అక్క ఇటు, చెల్లె అటు ఉంటే బండ ధరలు వేరు. గొట్టం, బర్నర్, మెకానిక్ కూలి ఏ పథకంలోనూ లేవు. పెరట్లో మట్టి పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాగుతూనే ఉన్నాయి.