కొండదారి ఎవరు వేశారు, ఎవరి కోసం వేశారు?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మన గ్రూపు నుంచి పద్దెనిమిది మందిమి ఒక కొండ మీది ఊరికి దారి పనికి వెళ్ళాం. ఊరి పేరు రాయొద్దని ఊరివాళ్ళే అన్నారు, అందుకే రాయడం లేదు. ఊరి నుంచి కింద తారు రోడ్డుకి మూడు కిలోమీటర్లు. కాలిబాట ఉంది గానీ గెడ్డ దగ్గర కోసుకుపోయింది, రెండు చోట్ల బండలు అడ్డం. హైస్కూలుకెళ్ళే పిల్లలు సైకిళ్ళు కింది ఊళ్ళో తెలిసినవాళ్ళ అరుగు మీద పెట్టి, పుస్తకాల సంచి తగిలించుకుని ఎక్కుతారు. ఒంట్లో బాగోలేనివాళ్ళని డోలీలో దించుతారు. నాలుగడుగుల వెడల్పున దారి సాపు చేస్తే మనిషి నడుస్తాడు, సైకిల్ నడుస్తుంది, డోలీ మోసేవాళ్ళు జారకుండా దిగుతారు అని మా ఆలోచన.

మొదటి రోజు పలుగూ పారా దించుతుంటే ఒక తాత వచ్చి మా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "కూలి ఎంత బాబూ?" అని అడిగాడు. "కూలి లేదు తాతా, శ్రమదానం" అన్నాం.

"ఓహో, వెట్టన్నమాట" అన్నాడు.

మాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "మా తాత కూడా ఇలాగే రోడ్డు పనికెళ్ళాడు. ఆ రోడ్డు మీద ఆయన బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి బండెక్కలేదు" అని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మాలో మాకే వాదన అయింది. డబ్బులివ్వకుండా ఊరివాళ్ళ చేత మట్టి తవ్విస్తే, పేరు మార్చిన వెట్టి కాక ఏమవుతుంది? మేం చదువుకున్నవాళ్ళం కాబట్టి అది సేవ అయిపోతుందా? ఇంటికొచ్చాక పుస్తకాలు తీశాం. చదివింది ఇక్కడ మీతో పంచుకుంటున్నాం.

తాత చెప్పిన రోడ్డు ఏదో మనకి తెలుసు. 1922 మన్యం తిరుగుబాటు అనగానే మనకి పోలీస్ స్టేషన్లు గుర్తొస్తాయి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. కానీ స్టేషన్ల దాకా పోకముందు రోడ్డు ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతుల్లో ఉండేది. కొండ మీద పోడు చేసుకునేవాళ్ళని బలవంతంగా రోడ్డు పనికి తోలేవారు. ఇచ్చే కూలి చాలీచాలనిది. రానన్నవాడికి దెబ్బలు. అంతకు ముందే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకీ, అడవిలోకి పోయి రావడానికీ అడ్డం పడింది. ఒక చేత్తో అడవి దారి మూసి, ఇంకో చేత్తో రోడ్డు తవ్వించారన్నమాట. గాము గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములు తిరుగుబాటులోకి రావడం వెనక ఉన్న కోపంలో బాస్టియన్ పాలన మీది కోపం పెద్ద పాలు.

ఆ రోడ్డు మన ఊళ్ళని కలపడానికి వేసింది కాదు. అడవి సరుకు కిందకి దిగడానికీ, అధికారి పైకి ఎక్కడానికీ, అవసరమైతే పోలీసు బలగం రావడానికీ వేసింది. మనవాళ్ళకి అప్పటికే దారులున్నాయి. సంతకి ఒకటి, చుట్టాల ఊరికి ఒకటి, జీలుగు చెట్ల దగ్గరికి ఒకటి. తిరుగుబాటు రెండేళ్ళు నిలబడిందంటే ఆ కాలిబాటల పుణ్యం చాలా ఉంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. కొండలో ఏ మలుపులో ఎవరు ఎక్కడ నిలబడొచ్చో వచ్చినవాళ్ళకి తెలియదు, ఉన్నవాళ్ళకి తెలుసు. ప్రభుత్వం రోడ్డు వేయించగలిగింది గానీ కాలిబాటని నేర్చుకోలేకపోయింది.

1924 మే 7న సీతారామరాజుని కాల్చి చంపారు. అదే ఏడాది గంటం దొర కూడా పోయాడు. మల్లు దొర శిక్ష అనుభవించి బయటికొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

స్వతంత్రం వచ్చాక వెట్టి పోయింది, శ్రమదానం అనే మాట వచ్చింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. ఊరివాళ్ళంతా కలిసి రోడ్లు వేసుకోవడం అందులో పెద్ద కార్యక్రమం. మంచి ఉద్దేశమే. మరి జరిగిందేమిటి? మన హైదరాబాద్ పక్కన శామీర్‌పేట ఊరి మీద పుస్తకం రాసిన ఎస్.సి. దూబే, తర్వాత ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఈ పథకాన్ని దగ్గరుండి చూసి 1958లో ఇంకో పుస్తకం రాశారు. శ్రమదానంలో పెద్ద కులాలవాళ్ళు, ఆస్తిపరులు ఎక్కువగా అజమాయిషీ చేశారనీ, మట్టి మోసింది పేదలనీ ఆయన గమనించారు. రోడ్డు బాగుపడితే ఎడ్లబండి ఉన్నవాడికి లాభం. బండి లేనివాడికి ఒక రోజు కూలి నష్టం. పేరు కూడా పెద్దలకే వచ్చింది. మా తాత బండెక్కలేదు అన్న ముసలాయన మాటా, దూబే పుస్తకంలో మాటా ఒకటే.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. లా చదివే మన మిత్రులు ఈ భాగం వెతికిచ్చారు.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకున్నా అది బలవంతపు చాకిరీ కిందికే వస్తుందంది. కర్ర పట్టుకుని నిలబడక్కర్లేదు, ఆకలి కూడా బలవంతమే అని దాని సారం.

మరి ఊరంతా కలిసి చెరువు పూడిక తీసుకుంటే, దారి వేసుకుంటే అది కూడా తప్పేనా? కాదు. బలవంతపు చాకిరీ మీద 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం చేసింది. మన దేశం 1954లో దాన్ని ఆమోదించింది, మల్లు దొర పార్లమెంటులో ఉన్న రోజుల్లోనే. ఊరి మేలు కోసం ఊరివాళ్ళే చేసుకునే చిన్న పనులు వెట్టి కిందికి రావని అందులో ఉంది. కానీ ఒక షరతు పెట్టారు. ఆ పని అవసరమా కాదా అన్నదాని మీద ఊరివాళ్ళనో, వాళ్ళ ప్రతినిధులనో సంప్రదించి తీరాలి. అడిగే హక్కు వాళ్ళకి ఉండాలి.

మేం అడిగామా? నిజం చెప్పాలంటే లేదు. ఊళ్ళో ఒకరిద్దరు చదువుకున్న కుర్రాళ్ళతో ఫోన్లో మాట్లాడి బయల్దేరిపోయాం. ఏ దారి కావాలి, ఎటు నుంచి కావాలి, పంట పనులున్న వారమా కాదా, ఏదీ అడగలేదు. ఫోటోలకి బ్యానర్ మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్ళాం.

అడగని పని ఎలా ఉంటుందో రెండో రోజే తెలిసింది. మేం ఫోన్లో మ్యాప్ చూసి, దగ్గర అవుతుందని కొండ వాలుకి నిట్టనిలువుగా సున్నంతో గీత గీశాం. ఒక అమ్మమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి ఆ గీత పైకొసన కుమ్మరించింది. నీళ్ళు మా గీత వెంటే కిందకి పరుగెత్తాయి. "వానాకాలం ఈ దారిలో మీరు నడవరు, గెడ్డ నడుస్తాది" అంది.

అప్పుడు పని ఆపాం. సాయంత్రం రచ్చబండ దగ్గర ఊరంతా కూర్చుంది. మేం వినడానికి కూర్చున్నాం. దారి ఎటు పోవాలో ఆడవాళ్ళే ఎక్కువ చెప్పారు. నీళ్ళూ కట్టెలూ మోసేది వాళ్ళే కదా. కొండకి అడ్డంగా, పాము పాకినట్టు మలుపులు తిరుగుతూ పోవాలన్నారు. దూరం పెరుగుతుంది గానీ బరువుతో ఎక్కేవాడికి ఆయాసం తగ్గుతుంది, సైకిల్ తోసుకెళ్ళొచ్చు. దారి బయటి అంచు వైపు కొద్దిగా వాలు ఉంటే నీళ్ళు నిలవవు, దారి వెంట పారవు. మలుపుల దగ్గర అంచుకి మట్టి లేకుండా రాళ్ళు పేర్చి కట్టు కట్టాలి. అక్కడక్కడ బండరాళ్ళు ఏటవాలుగా పాతితే వాన నీరు పక్కకి మళ్ళుతుంది. ఇదంతా వాళ్ళకి పోడు గట్ల దగ్గర అలవాటైన విద్యే. ఒక పెద్ద మద్ది చెట్టు అడ్డం వస్తే దారినే వంచారు, చెట్టు కొట్టనివ్వలేదు. పనికి రాలేని ఇళ్ళ మీద తప్పు రాయకూడదని కూడా అప్పుడే అనుకున్నారు. రాను అనే వీలు ఉన్నచోటే వస్తాను అన్నదానికి విలువ.

ఆ రాత్రి నుంచి పని మాది కాదు, ఊరిది. చోడి అంబలి తాగి పొద్దున్నే దిగేవాళ్ళు. మేం చెప్పిన చోట తట్ట మోశాం. మొదటి రోజు వెళ్ళిపోయిన తాత నాలుగో రోజు వచ్చాడు. రాతి కట్టు ఎలా పేర్చాలో మాకు చూపించింది ఆయనే.

ఇలాంటిది మన దగ్గరే జరగలేదు. మణిపూర్‌లో తమెంగ్‌లాంగ్ జిల్లా కొండల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ పామే అనే అధికారి, ఆయనది జెమే నాగా తెగ, 2012లో ప్రజల చేతులతో సుమారు వంద కిలోమీటర్ల రోడ్డు పని ఎత్తుకున్నాడు. అక్కడా రోగుల్ని వెదురు బద్దల మీద మోసుకెళ్ళే బాధే. ఫేస్‌బుక్‌లో పిలుపిస్తే దేశవిదేశాల నుంచి డబ్బు వచ్చింది, ఊళ్ళవాళ్ళు శ్రమ ఇచ్చారు. దానికి ప్రజల రోడ్డు అని పేరు నిలిచింది. అధికారే అయినా ఆయన ఆ కొండ బిడ్డ, అక్కడి కష్టం తెలిసినవాడు. బాస్టియన్‌కీ ఆయనకీ తేడా అక్కడుంది.

ఇప్పుడు కొందరు మిత్రులు అడిగిన ప్రశ్న. "ప్రభుత్వం వెయ్యాల్సిన రోడ్డు మనం వేసేస్తే, ఇక వాళ్ళెందుకు వేస్తారు?" న్యాయమైన ప్రశ్నే. డోలీ మోసే ఊరు రోడ్డు వచ్చేదాకా ఆగలేదు, అందుకని దారి వేసుకుంటుంది. ఆ దారిని చూపించి "వీళ్ళకి దారి ఉంది కదా" అని ఎవరైనా ఫైలు మూసేస్తే మన శ్రమ మన మీదికే తిరుగుతుంది. అందుకే మేం ఊరివాళ్ళతో కలిసి రెండు పనులు చేశాం. మీరు వెళ్ళే ఊళ్ళలో కూడా చెయ్యండి.

ఒకటి, హాజరు పుస్తకం. ఏ రోజు ఎవరు ఎంతసేపు పని చేశారో రాశాం. ఆరు రోజులు, రోజుకి సుమారు నలభై మంది, అంటే 240 పనిదినాల దాకా. ఇది ఊరు ప్రభుత్వానికి పెట్టిన అప్పు, దానం ఖాతాలో రాయొద్దు. 2005 ఉపాధి హామీ చట్టం పనుల్లో పల్లెలకి దారి వెయ్యడం కూడా పెట్టారు. కూలి వచ్చే పనిని ఊరు ఉత్తినే చేసిందని కాగితం మీద కనబడాలి.

రెండు, గ్రామసభ తీర్మానం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద బడి, అంగన్‌వాడీ, మంచినీటి పైపు లాంటి 13 రకాల సౌకర్యాలకి అటవీ భూమి ఇవ్వొచ్చు. అందులో రోడ్డు కూడా ఉంది. ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు కన్నా తక్కువ ఉండాలి, హెక్టారుకి 75 చెట్లు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు ఉండాలి. లెక్క వేసి చూడండి. నాలుగడుగుల దారి, మూడు కిలోమీటర్లు, అంటే సుమారు 0.37 హెక్టారు. మూడు మీటర్ల వెడల్పు రోడ్డు వేసినా 0.9 హెక్టారే. మలుపులతో దూరం పెరుగుతుంది కాబట్టి కొలిచి రాసుకోవాలి. "అడవి అడ్డం వచ్చింది" అని ఎవరైనా అంటే ఈ లెక్క ముందు పెట్టండి. పలుగు దించడానికి ముందే తీర్మానం రాయించుకోండి. మేం తర్వాత రాయించాం, అది మా తప్పు.

వెట్టికీ శ్రమదానానికీ తేడా కూలి డబ్బుల్లో ఒక్కదాంట్లో లేదని మాకు అర్థమైంది. దారి ఎటు పోవాలో ఎవరు చెప్పారు, కుదరదు అనే హక్కు ఎవరికుంది, దారి పూర్తయ్యాక దాని మీద ఎవరు నడుస్తారు. ఈ మూడూ అడిగాకే పని మొదలుపెట్టాలి.

చివరి రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె కింది ఊరి అరుగు మీద నుంచి తన సైకిల్ తీసుకుని, సగం తొక్కుతూ సగం తోస్తూ ఊళ్ళోకి తెచ్చుకుంది. తాత మలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "ఎక్కుతావా తాతా?" అని అడిగింది. ఆయన సైకిల్ క్యారేజీ మీద చెయ్యేసి, పక్కనే నడుచుకుంటూ ఇంటిదాకా వచ్చాడు.

వేసవి సెలవుల్లో ఇంకో ఊరు పిలిచింది. ఈసారి ముందు గ్రామసభకి ముగ్గురం వెళ్తాం, బ్యానర్ లేకుండా. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి. మీ ఊళ్ళో రోడ్డు పనికెళ్ళిన తాతల కథలు ఎవరికైనా తెలిస్తే అవి కూడా రాయండి. చెప్పేవాళ్ళు ఉండగానే రాసుకుందాం.

జోహార్.