ఒకే ఉద్యోగికి పలు ఈమెయిల్ చిరునామాలు: ఆఫీసు మెయిల్ సర్వర్‌లో నిర్వహణ

ఆఫీసు మెయిల్ సర్వర్‌లో చిరునామా, మెయిల్‌బాక్స్, లాగిన్ అనేవి మూడు వేర్వేరు విషయాలు. చిరునామా అంటే మెయిల్ చేరవలసిన పేరు. మెయిల్‌బాక్స్ అంటే అది నిల్వ ఉండే చోటు. లాగిన్ అంటే ఆ చోటును తెరిచే హక్కు. ఉద్యోగికి తన పేరుతో ఒక చిరునామా, చూస్తున్న సెక్షన్ పేరుతో ఇంకొకటి అవసరమైనప్పుడు, ఈ మూడింటిలో అతనికి నిజంగా కావలసింది ఏదో ముందు తేల్చుకోవాలి. అడిగిన ప్రతి చిరునామాకూ కొత్త అకౌంటు తెరిచి పాస్‌వర్డ్ చేతికిస్తూ పోతే, కొన్నాళ్లకు ఏ మెయిల్‌బాక్స్ ఎవరు చూస్తున్నారో అడ్మినిస్ట్రేటర్‌కే అంతుపట్టదు.

అన్నిటికన్నా తేలికైన ఏర్పాటు మారుపేరు, అంటే ఏలియాస్. మెయిల్‌బాక్స్ ఒక్కటే, దానికి చేరే పేర్లు ఎన్నయినా ఉండవచ్చు. ఎరిక్ ఆల్‌మన్ బర్క్‌లీలో రూపొందించిన సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ కాలం నుంచీ ఇది ఉంది. ఏలియాసెస్ అనే ఫైల్‌లో ఎడమ పక్క మారుపేరు, కుడి పక్క అసలు యూజర్ పేరు రాసి, న్యూఏలియాసెస్ కమాండ్ నడిపితే పట్టిక తయారవుతుంది. కమాండ్ నడపడం మరిస్తే ఫైల్‌లో కొత్త వరుస కనిపిస్తూనే ఉంటుంది గానీ మెయిల్ మాత్రం చేరదు. వీట్సే వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్‌లోనూ వర్చువల్ ఏలియాస్ పట్టికలది దాదాపు ఇదే పద్ధతి, కమాండ్ మాత్రం వేరు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్‌లో ప్రతి మెయిల్‌బాక్స్‌కూ చిరునామాల జాబితా ఒకటి ఉంటుంది. అందులో ఎస్‌ఎంటీపీ అన్న ముందుమాట ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉన్నది ప్రధాన చిరునామా, చిన్న అక్షరాల్లో ఉన్నవన్నీ మారుపేర్లు. మెయిల్ మారుపేరుకు వచ్చినా, ప్రత్యేకంగా అనుమతించకపోతే జవాబు ప్రధాన చిరునామా నుంచే వెళుతుంది. ఇంటిపేరు మారినవారికి, కంపెనీ డొమైన్ మారినప్పుడు పాత చిరునామా నిలుపుకోవడానికి మారుపేరు చక్కగా సరిపోతుంది.

హోదాకు చెందిన చిరునామా సంగతి వేరు. సేల్స్, సపోర్ట్, అబ్యూస్, పోస్ట్‌మాస్టర్ వంటి పేర్లు ఏ పనికి వాడాలో 1997 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2142 చెప్పింది. వీటిని ఒక మనిషి మెయిల్‌బాక్స్‌కు తగిలిస్తే ఆ మనిషి సెలవు పెట్టిన రోజు పని ఆగిపోతుంది. ఇక్కడ తగినది ఉమ్మడి మెయిల్‌బాక్స్. దానిలోకి నేరుగా ఎవరూ లాగిన్ కానవసరం లేదు. ఉద్యోగి తన సొంత లాగిన్‌తోనే వచ్చి దాన్ని తెరుస్తాడు. ఎక్స్‌ఛేంజ్‌లో ఇందుకు మూడు అనుమతులున్నాయి. ఫుల్ యాక్సెస్ ఉంటే మెయిల్స్ చదవవచ్చు, తొలగించవచ్చు, కానీ ఆ పేరుతో పంపడం కుదరదు. సెండ్ యాజ్ ఉంటే మెయిల్ నేరుగా ఆ చిరునామా నుంచే వెళ్లినట్టు కనిపిస్తుంది. సెండ్ ఆన్ బిహాఫ్ అయితే ఎవరి తరఫున ఎవరు పంపారో అందుకున్నవారికి తెలుస్తుంది. ఆర్థిక లావాదేవీల ఉత్తరాలకు ఈ మూడోదే మేలు.

చాలాచోట్ల చిక్కు తెచ్చేది పంపిన మెయిల్ కాపీ. ఎక్స్‌ఛేంజ్‌లో సెట్టింగ్ మార్చకపోతే, ఉమ్మడి చిరునామా పేరుతో పంపిన జవాబు పంపినవారి సొంత సెంట్ ఐటమ్స్‌లో పడుతుంది. ఇంకొకరికి అది కనిపించదు కాబట్టి అదే ప్రశ్నకు రెండో జవాబు వెళుతుంది. ఆ కాపీ ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లోనూ చేరేలా మొదటి రోజే మార్చిపెట్టాలి. ఎక్స్‌ఛేంజ్ కాకుండా ఐమ్యాప్ సర్వర్లు వాడేచోట ఫోల్డర్లను పంచుకునే హక్కుల పద్ధతిని 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4314 నిర్వచించింది. డవ్‌కాట్ అనే ఐమ్యాప్ సర్వర్ దాన్ని అమలు చేస్తుంది.

భారత ప్రభుత్వ ఈమెయిల్ విధానం, 2015లో గెజిట్‌కు ఎక్కినది, అధికారికి పేరుతో ఒకటి, హోదాతో ఒకటి చొప్పున రెండు ఐడీలు సూచించింది. బదిలీ అయినప్పుడు హోదా ఐడీ తర్వాత వచ్చేవారికి అప్పగించాలని ఆ విధానం చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్యాలయాల్లో ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) మీద రెండు కుర్చీల పని ఒకరే చూస్తుండడం తరచు కనిపించేదే. అలాంటి అధికారికి రెండో హోదా మెయిల్‌బాక్స్‌పై అనుమతి ఇచ్చి, రెగ్యులర్ అధికారి రాగానే తీసేయడం శుభ్రమైన పద్ధతి. పాస్‌వర్డ్ చేతులు మారితే మాత్రం ఫలానా ఉత్తరం ఎవరు తొలగించారో లాగ్ చెప్పలేదు.

ఆఫీసు మెయిల్‌ను బయటి అకౌంటుకు ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ చేయడం సుళువుగా తోచినా ప్రమాదకరం. ఫార్వర్డ్ అయిన మెయిల్ పంపినవారి డొమైన్ అనుమతించిన సర్వర్ నుంచి రాదు గనుక ఎస్‌పీఎఫ్ పరీక్షలో తప్పుతుంది. మెయిల్ దారిలో మారలేదని చెప్పే డీకిమ్ సంతకం కూడా చెడితే, పంపినవారి డొమైన్ ప్రకటించిన డీమార్క్ విధానం ప్రకారం తిరస్కరణకు గురికావచ్చు. పైగా ఆఫీసు సమాచారం ఆఫీసు చెయ్యి దాటిపోతుంది.

ఉద్యోగి కంప్యూటర్‌లో అవుట్‌లుక్ 2007 వరకు ఒక ప్రొఫైల్‌కు ఒక్క ఎక్స్‌ఛేంజ్ అకౌంటే పట్టేది. 2010 వెర్షన్‌తో ఆ పరిమితి పోయింది. ఫుల్ యాక్సెస్‌ను వ్యక్తికి నేరుగా ఇస్తే ఆ మెయిల్‌బాక్స్ అవుట్‌లుక్‌లో దానంతటదే కనిపిస్తుంది. గ్రూపు ద్వారా ఇస్తే చేత్తో చేర్చుకోవాలి. థండర్‌బర్డ్‌లో ఒకే అకౌంటు కింద పలు ఐడెంటిటీలు పెట్టుకుని, ఒక్కోదానికి వేరే సంతకం జోడించవచ్చు. ఇవన్నీ ఫ్రమ్ గడిని ఉద్యోగి ఇష్టానికి వదిలేవే కనుక సర్వర్ వైపు కాపలా తప్పదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఏ లాగిన్ ఏ చిరునామాతో పంపవచ్చో పట్టిక రాసి, సరిపోలనివాటిని తిరస్కరించమని చెప్పవచ్చు.

ఉద్యోగి వెళ్లిపోయిన రోజు లాగిన్ ఆపి, ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లపై ఉన్న అనుమతులు తీసేస్తారు. సొంత మెయిల్‌బాక్స్‌ను ఉమ్మడి మెయిల్‌బాక్స్‌గా మార్చి పై అధికారికి చూపవచ్చు. ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో 50 జీబీ వరకు దీనికి వేరే లైసెన్సు అక్కర్లేదు. యూజర్‌ను పూర్తిగా తొలగిస్తే మామూలుగా 30 రోజుల వరకే మెయిల్‌బాక్స్ తిరిగి తెచ్చుకునే వీలుంటుంది.