వాగు నడుమనున్న పల్లె



జర్మనీదేశమున బవేరియా, థురింగియా అను రాష్ట్రముల పొలిమేరయందు, హోఫ్ పట్టణమునకు ఉత్తరముగా, మ్యోడ్లారాయిట్ అను కుగ్రామము కలదు. అందలి జనులు 50 మందికి అటునిటు. ఊరి నడుమ టాన్‌బాఖ్ పారును. ‘బాఖ్’ అనగా ఆ భాషలో వాగే. ఒక్క అంగలో దాటదగిన ఈ వాగును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

1810లో ఈ వాగును బవేరియా రాజ్యమునకును, రాయిస్ ప్రభువుల సంస్థానమునకును సరిహద్దుగా నిర్ణయించి రాళ్లు పాతిరి. పల్లె రెండు ఏలుబడుల పాలయ్యెను. అయినను గ్రామస్థులు విడిపోలేదు. బడియు, పానశాలయు ఉత్తరపుటొడ్డున నుండెను. ప్రార్థనకు మాత్రము ఇరుదెసలవారును దక్షిణముననున్న ట్యోపెన్ గ్రామమునకు పోవుచుండిరి. 1918లో రాజులు పోయిరి. 1920లో థురింగియా రాష్ట్రమేర్పడెను. ఆ మార్పులు కాగితములమీదనే జరిగినవి. వాగుదాటుట కెవ్వరి సెలవును అక్కరలేకుండెను.

1945లో జర్మనీ ఓడిన పిదప కథ వేరయ్యెను. దక్షిణపుటొడ్డు అమెరికావారి వశమునను, ఉత్తరపుటొడ్డు రష్యావారి వశమునను పడెను. 1949లో ఆ రెండు ప్రాంతములును వేర్వేరు దేశములైనవి. 1952లో తూర్పు ప్రభుత్వము సరిహద్దు వెంబడి 5 కిలోమీటర్ల మేర నిషిద్ధమండలము గావించి, తమకు నమ్మకములేని కుటుంబములను ఇల్లువాకిళ్లు విడిపించి దూరప్రాంతములకు తరలించెను. మొదట కొయ్యకంచె వెలసెను. 1966లో వాగు వెంబడి 700 మీటర్ల పొడవున, 3.3 మీటర్ల ఎత్తున కాంక్రీటుగోడ లేచెను. అమెరికా సైనికులు ఆ యూరిని ‘చిన్న బెర్లిన్’ అని పిలిచెడివారు.

గోడకంటె నన్ను కలతపెట్టునది మరొకటి కలదు. ఎదుటియొడ్డు బంధువు మిట్టనెక్కి చేయి యూపినను, తూర్పువారు బదులు చేయి యూపరాదు; పలుకరింపరాదు. చావుకబురైనను కేకవేసి చెప్పుటకు వీలులేదు. గోడ కన్నులకే అడ్డు. ఈ కట్టడి మనసులకే అడ్డు వేసెను. 1973లో ఒకడు నిచ్చెనవేసి గోడదాటి బయటపడెను.

1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరువబడెను గదా. ఈ పల్లెలో డిసెంబరు 9వ తేదీన త్రోవ విడిచిరి. 1990 జూన్ 17వ తేదీన యంత్రముతో గోడను కూలద్రోసిరి. జ్ఞాపకార్థము కొంతభాగము నిలిపి ప్రదర్శనశాల నేర్పరచిరి.

నేటికిని ఈ పల్లె రెండు రాష్ట్రములలోనే యున్నది. దక్షిణభాగము ట్యోపెన్‌కును, ఉత్తరభాగము గెఫెల్ అను పట్టణమునకును చేరినది. ఇద్దరు మేయర్లు, రెండు తపాలా అంకెలు. దక్షిణపువారు దైవనామముతో పలుకరింతురు. ఉత్తరపువారు ‘శుభదినము’ అందురు. 1810 నాటి రాళ్లు కొన్ని ఇప్పటికిని గట్టున నిలిచియున్నవి.