క్లోండైక్ బంగారు వేటలో స్త్రీలు

కెనడా వాయవ్య మూలన, అలాస్కాను ఆనుకుని ఉన్న యూకాన్ ప్రాంతానికి 1896–1899 మధ్య బంగారం కోసం జనం విరగబడి వెళ్ళారు. క్లోండైక్ గోల్డ్ రష్ అని దీనికి పేరు. సుమారు లక్షమంది ఇళ్ళు వదిలి బయలుదేరారనీ, వారిలో ముప్పై నలభై వేలమందే గమ్యం చేరారనీ అంచనా. చాలాకాలం ఈ చరిత్రను మగవాళ్ళ సాహసగాథగానే రాశారు. ఆడవాళ్ళ ఊసు వస్తే నాట్యశాలల దగ్గరే ఆగిపోయేది. కానీ ఆ మంచునేల మీద మనుషులు చలికాలం గట్టెక్కడానికి కావలసిన పనుల్లో పెద్ద భాగం ఆడవాళ్ళే చేశారు. తోలుబట్టలు కుట్టారు, రొట్టెలు కాల్చి అమ్మారు, హోటళ్ళు కట్టారు, టైఫాయిడ్ రోగుల పక్కన రాత్రంతా మేలుకుని కూర్చున్నారు, సొంత పేరు మీద గనులు నడిపారు.

ఆ నేల ఆడబిడ్డలు

బంగారం సంగతి బయటి లోకానికి తెలియక ముందునుంచీ అక్కడ టాగిష్, ట్లింగిట్, హాన్ తెగల వాళ్ళు ఉంటున్నారు. సాల్మన్ చేపల్ని కోసి ఎండబెట్టడం, మూస్ అనే పెద్ద దుప్పి తోలు పదును చేయడం, ఉచ్చులు పన్ని కుందేళ్ళను పట్టడం, బెర్రీలు ఏరి నిల్వ చేయడం అక్కడి ఆడవాళ్ళకు తల్లుల దగ్గర నేర్చుకున్న విద్యలు. ఎముకలు కొరికే చలిలో దుకాణపు బూట్లు వేసుకున్నవాళ్ళ కాలివేళ్ళు చచ్చుబడిపోయేవి. ఆ ఆడవాళ్ళు కుట్టిన తోలు మొకాసిన్ జోళ్ళు, చేతితొడుగులే ఆదుకునేవి.

వీరిలో ముందు చెప్పుకోవలసింది కేట్ కార్మాక్ గురించి. ఆమె అసలు పేరు షావ్ త్లా, టాగిష్ స్త్రీ. మొదటి భర్తనూ పసిబిడ్డనూ జబ్బు పొట్టన పెట్టుకున్నాక, జార్జ్ కార్మాక్ అనే అమెరికన్‌తో తెగ ఆచారం ప్రకారం జీవితం పంచుకుంది. గనుల మీద గింజ రాలని రోజుల్లో ఆమె కుట్టి అమ్మిన తోలు సరుకే ఇంటికి ఆధారమైంది. 1893లో కూతురు పుట్టింది. 1896 ఆగస్టులో రాబిట్ క్రీక్ అనే వాగులో బంగారం బయటపడినప్పుడు అక్కడున్న బృందం ఆమె కుటుంబమే: భర్త జార్జ్, సోదరుడు స్కూకం జిమ్, మేనల్లుడు డాసన్ చార్లీ. మొదటి ముక్క ఎవరి కంట పడిందన్న వాదన ఇప్పటికీ తెగలేదు. జార్జ్ తానే చూశానన్నాడు, జిమ్, చార్లీలు జిమ్ చూశాడన్నారు. గనులు మాత్రం ముగ్గురు మగవాళ్ళ పేర్ల మీదే నమోదయ్యాయి. కేట్ పేరు మీద ఒక్కటీ లేదు.

తర్వాత జరిగింది మరీ అన్యాయం. 1898లో జార్జ్ ఆమెను అమెరికా తీసుకెళ్ళాడు. 1900లో కాలిఫోర్నియాలో తన అక్క ఇంట్లో వదిలేసి, వేరే పెళ్ళి చేసుకున్నాడు. కేట్ కోర్టుకెక్కింది. తెగ ఆచారపు పెళ్ళికి కాగితం ఎక్కడినుంచి వస్తుంది? చేతికి చిల్లిగవ్వ రాలేదు. కూతురితో సొంతగడ్డకు తిరిగొచ్చి, సోదరుడు కార్‌క్రాస్‌లో కట్టించిన కొయ్య ఇంట్లో ఉంటూ, పూసలూ తోలు అల్లికలూ పర్యాటకులకు అమ్ముకుని బతికింది. తర్వాత కూతుర్ని కూడా తండ్రి తన దగ్గరికి రప్పించుకున్నాడు. 1920లో ఇన్‌ఫ్లుయెంజా సోకి కేట్ చనిపోయింది. కెనడా గనుల రంగ ప్రముఖుల గౌరవ జాబితాలో 1999లో క్లోండైక్ బంగారం కనుగొన్నవాళ్ళను చేర్చినప్పుడు కూడా ఆమెను పక్కన పెట్టారు. 2019లో గానీ ఆమెకు చోటు దక్కలేదు.

దారి

యూకాన్ చేరడానికి ఎక్కువమంది ఎంచుకున్న దారి అలాస్కా తీరంలోని డయీ దగ్గర మొదలై, చిల్కూట్ కనుమ మీదుగా బెన్నెట్ సరస్సు చేరేది. మొత్తం 53 కిలోమీటర్లు. కనుమ ఎత్తు సుమారు 3,500 అడుగులు. చివరి ఎక్కుడులో మంచును నరికి 1,500 మెట్లు చెక్కారు. ఏడాదికి సరిపడా తిండీ సామగ్రీ లేనివాళ్ళను కెనడా పోలీసులు సరిహద్దులో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. తలకు దాదాపు 900 కిలోల బరువు లెక్క. కూలీలను పెట్టుకునే స్తోమత లేకపోతే ఆ బరువును వీపున మోస్తూ అదే దారిలో పదులసార్లు ఎక్కిదిగాలి. 1898 ఏప్రిల్ 3న మంచుచరియ విరిగిపడి అరవైమందికి పైగా చనిపోయింది ఈ దారిలోనే. ఆడవాళ్ళకు వీటితోపాటు బట్టల బాధ ఒకటి. నడుము బిగించే కార్సెట్, చీలమండల దాకా వేలాడే బరువు లంగా తడిసి గడ్డకడితే అడుగు తీసి అడుగు వేయడమే గగనం.

రష్ మొదలు కాకముందే ఈ కనుమ దాటినవాళ్ళున్నారు. క్యూబెక్ యువతి ఎమిలీ ట్రాంబ్లే 1894లో కొత్తపెళ్ళికూతురిగా భర్తతో దాటి, మిల్లర్ క్రీక్ గనుల దగ్గర కొయ్య గుడిసెలో కాపురం పెట్టింది. తర్వాత గనుల దగ్గర వెలసిన డాసన్ పట్టణంలో ఏళ్ళ తరబడి దుకాణం నడిపింది. ఎథెల్ బెర్రీ కూడా 1896లో పెళ్ళైన కొత్తలోనే వచ్చింది. భర్త గని తవ్విపోసిన మట్టిగుట్టల్లో బంగారు ముక్కలు ఏరడం ఆమె రోజువారీ పనుల్లో ఒకటి.

షికాగోలో ఉన్నవాళ్ళింట పుట్టిన మార్తా పర్డీ కథ వేరు. ప్రయాణం సగంలో భర్త మనసు మార్చుకుని హవాయి వెళ్దామన్నాడు. ఆమె ససేమిరా అని, అన్నదమ్ముల్లో ఒకరిని తోడు తీసుకుని 1898 వేసవిలో చిల్కూట్ ఎక్కింది. అప్పటికే కడుపుతో ఉంది. 1899 జనవరి 31న, డాసన్ ఎదుటి కొండవాలున గుడిసెలో, మంచి డాక్టరుకు ఇచ్చుకునే డబ్బు లేని స్థితిలో మగబిడ్డను కన్నది.

స్టికీన్ నది దారి ఇంకా ఘోరం. చిత్తడి, దోమలు, వందల మైళ్ళ అడవి. లూసిల్ హంటర్ అనే పంతొమ్మిదేళ్ళ నల్లజాతి యువతి నిండు గర్భిణిగా ఈ దారి పట్టి, టెస్లిన్ సరస్సు ఒడ్డున ప్రసవించింది. బిడ్డకు టెస్లిన్ అనే పేరు పెట్టింది. మిగతావాళ్ళు చలికాలం గడిచేదాకా అక్కడే ఆగిపోతే, హంటర్ దంపతులు పసిగుడ్డుతో కుక్కలబండి మీద డాసన్ చేరి గని నమోదు చేయించుకున్నారు. 1898లోనే విక్టోరియన్ ఆర్డర్ నర్సులు నలుగురు సైనిక దళం వెంట ఇదే దారిన వచ్చారు. డాసన్‌లో ఆ ఏడాది టైఫాయిడ్ చెలరేగింది. మురుగుకాల్వలు లేని ఊళ్ళో వేలమంది ఒక్కసారిగా గుడారాలు వేసిన ఫలితం అది. ఈ నర్సులు, సెయింట్ ఆన్ కన్యాస్త్రీలు అక్కడి రోగులకు సేవ చేశారు.

గుడిసె బతుకు

గుడిసె అంటే దుంగలు పేర్చి, సందుల్లో నాచు కూరి, పైకప్పు మీద మట్టిపెళ్ళలు పరిచిన ఒంటి గది. రేకు పొయ్యి రాజేస్తే కప్పు మీది మంచు కరిగి నెత్తిన చుక్కలు కారేవి. ఆరిపోతే నీళ్ళబకెట్టు గడ్డకట్టేది. నీళ్ళంటే నది మీది మంచుగడ్డ నరికి తెచ్చి కాచుకున్నవే. ఖాళీ పిండిసంచులే తెరలు, చాపలు, ఒక్కోసారి లోదుస్తులు. రోజూ తినేది బీన్స్, ఉప్పు పంది మాంసం, ఎండు ఆపిల్ ముక్కలు. రొట్టెకు ఈస్ట్ దొరకదు కాబట్టి ముందురోజు పులిసిన పిండిలోంచి ముద్ద తీసి దాచేవారు. మనం తోడు దాచినట్టే. చలికి ఆ పులుపు చచ్చిపోకుండా రాత్రి దుప్పట్లో తమ పక్కనే పెట్టుకునేవారు. ఆ పులిసిన పిండికి ఇంగ్లీషులో ఉన్న సౌర్‌డో అన్న పేరే తర్వాత యూకాన్ పాతకాపులకు బిరుదైంది. తాజా కూరలు లేక చిగుళ్ళు వాచి, పళ్ళు కదిలే స్కర్వీ వస్తే, స్ప్రూస్ చెట్టు ఆకుల కషాయమే మందు. అదీ స్థానిక తెగల దగ్గర నేర్చుకున్నదే.

వ్యాపారం

ఐర్లండ్‌లో 1872లో పుట్టిన బెలిండా మల్రూనీ 1897లో బట్టల తానులూ వేడినీళ్ళ సంచులూ మోయించుకుని డాసన్ చేరింది. జనం బంగారం కోసం వస్తున్నారు, వెచ్చదనం కోసం ఎంతైనా ఇస్తారని ఆమె లెక్క. సరుకు ఎన్నో రెట్ల లాభానికి అమ్ముడుపోయింది. ఊళ్ళో పోటీ పెరగడంతో బొనాంజా, ఎల్‌డొరాడో వాగులు కలిసే చోటికి వెళ్ళి గ్రాండ్ ఫోర్క్స్ హోటల్ కట్టింది. గనివాళ్ళు అక్కడే తినేవారు, తాగేవారు, నోరు జారేవారు. ఏ గనిలో పస ఉందో వడ్డిస్తూనే పసిగట్టి వాటాలు కొనేది. 1898 జూలైలో డాసన్‌లో తెరిచిన ఫెయిర్‌వ్యూ హోటల్‌కు కరెంటు దీపాలుండేవి. గదుల మధ్య గోడలు మాత్రం కాన్వాసు గుడ్డ మీద అంటించిన కాగితాలే కాబట్టి పక్కగది గుసగుసలు కూడా వినిపించేవి. కౌంట్‌నని చెప్పుకున్న ఒక ఫ్రెంచి పెద్దమనిషితో 1900లో ఆమెకు జరిగిన పెళ్ళి నిలవలేదు. బెలిండా నిలిచింది. అలాస్కాలో మళ్ళీ వ్యాపారం పెట్టి, చివరికి 1967లో సియాటిల్‌లో కన్నుమూసింది.

క్లోండైక్ కేట్ అన్న పేరు ఇద్దరికి ఉంది. లోకానికి తెలిసింది నర్తకి కేట్ రాక్‌వెల్. మరొకరు న్యూ బ్రన్స్‌విక్ నుంచి వచ్చిన కేట్ రయన్. వైట్‌హార్స్‌లో భోజనశాల నడుపుతూనే, ఆడ ప్రయాణికులు దొంగతనంగా బంగారం దాటించకుండా సోదా చేయడానికి పోలీసుల్లో ప్రత్యేక కానిస్టేబుల్‌గా చేరింది.

నాట్యశాలల వెలుగు వెనుక ఒళ్ళమ్ముకుని బతికినవాళ్ళను అధికారులు డాసన్ నుంచి నదికి అవతలి క్లోండైక్ సిటీకి తరిమారు. ఆ చోటు అంతకుముందు ట్రోచెక్ అనే హాన్ తెగ చేపల వేట ఊరు. వలసల తాకిడికి హాన్ వాళ్ళు 1897లో నది దిగువన ఉన్న మూస్‌హైడ్‌కు తరలిపోవలసి వచ్చింది.

రష్ తర్వాత

1899లో అలాస్కాలోని నోమ్‌లో బంగారం పడిందనగానే డాసన్ నుంచి వేలమంది ఒక్కుమ్మడిగా వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళు ఊరిని నిలబెట్టారు. మార్తా పర్డీ రంపపు మిల్లు నడిపి, 1904లో జార్జ్ బ్లాక్‌ను పెళ్ళాడి, 1935లో దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో పార్లమెంటుకు ఎన్నికైంది. కెనడా కామన్స్ సభలో ఆమె రెండో మహిళ. లూసిల్ హంటర్ భర్త పోయాక డాసన్ దగ్గరి బంగారు గనులనూ, మేయో దగ్గరి వెండి గనినీ తానే చూసుకుంది. రెండింటి మధ్య దాదాపు 140 మైళ్ళు నడిచి వెళ్ళివచ్చేది. వైట్‌హార్స్‌లో లాండ్రీ పెట్టుకుని 1972 దాకా బతికింది.

యూకాన్ స్త్రీలకు ప్రాంతీయ ఎన్నికల్లో ఓటు 1919లో వచ్చింది. ఆదివాసీలుగా నమోదైన స్త్రీపురుషులు తమ హోదా వదులుకోకుండా కెనడా ఎన్నికల్లో ఓటేయడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. 1894లో పుట్టిన యూకాన్ ఆర్డర్ ఆఫ్ పయనీర్స్ అనే సంఘం ఈ ప్రాంత చరిత్రను సేకరించి భద్రపరచడం తన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది, సభ్యత్వం మాత్రం మగవాళ్ళకే ఇచ్చింది. 1987లో డాసన్‌కు చెందిన మాడలిన్ గూల్డ్ దరఖాస్తును ఆడమనిషి అన్న కారణంతోనే తిరస్కరించింది. ఆమె హక్కుల బోర్డు ముందు గెలిచినా, సంఘ సభ్యత్వం ప్రజలకు అందించే సేవ కిందికి రాదంటూ 1996లో సుప్రీం కోర్టు సంఘం పక్షానే తీర్పిచ్చింది.